మా దగ్గర మాత్రమే: పత్తికొండ మొబైల్ షాపు కౌంటర్ నుంచి చూసిన ఆన్‌లైన్, ఆఫ్‌లైన్ యుద్ధం

ఫాంటసీ గేమ్స్ ఆడేవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. ఒక చిన్న ఊరు. సంతలో ఒక పాత వ్యాపారి, ఎప్పటి నుంచో కత్తులు, డాళ్లు అమ్ముకుంటూ ఉంటాడు. ఒక రోజు రాజధాని నుంచి పెద్ద వ్యాపారుల గిల్డ్ దిగుతుంది. వాళ్ల దగ్గర ఒక మాయ కత్తి ఉంది. పాత వ్యాపారి కత్తి కంటే పదును ఎక్కువ, ధర మాత్రం సగం. ఒకటే షరతు, అది వాళ్ల కొట్లో తప్ప ఇంకెక్కడా దొరకదు. ఇక రెండు గుంపులకీ గొడవ మొదలు. మీరు ఎవరి వైపు అని గేమ్ మనల్ని అడుగుతుంది.

పదేళ్లకు పైగా మనం ఆ గేమ్‌లోనే ఉన్నాం ఫ్రెండ్స్. కత్తి ప్లేస్‌లో స్మార్ట్‌ఫోన్ ఉంది, అంతే తేడా. ఎప్పుడూ ఏ ఫోన్ కొనాలి, కెమెరా ఎలా ఉంది, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అని మాట్లాడుకుంటాం కదా, ఈసారి ఆ ఫోన్ మన చేతికి ఏ దారిలో వస్తుందో, ఆ దారి కోసం వ్యాపారులు ఎందుకు కొట్టుకుంటున్నారో చూద్దాం. ఎందుకంటే వాళ్ల గొడవలో చివరికి బిల్లు కట్టేది మనమే.

నాది కర్నూలు జిల్లా పత్తికొండ. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్ కోసం ఊరు వదిలాను కానీ, ఫోన్ల పిచ్చి మొదలైంది మాత్రం మా ఊళ్లో ఒక చిన్న మొబైల్ షాపు ముందే. ఆ షాపాయన్ని అందరం అన్నా అనే పిలుస్తాం. పేరు రాయొద్దన్నాడు, కాబట్టి ఇక్కడా అన్నే.

2014: ఫోన్ షాపులోకి రావడం మానేసిన సంవత్సరం

నేను టెన్త్‌లో ఉన్నప్పుడు అన్న షాపులో గ్లాస్ అద్దం వెనక ఫోన్లు వరసగా ఉండేవి. స్కూల్ వదలగానే అక్కడ నిలబడి డమ్మీ పీసులు పట్టుకుని చూసేవాళ్లం. కొనేది లేదని తెలిసినా అన్న తిట్టేవాడు కాదు.

2014 ఫిబ్రవరిలో మోటో జీ వచ్చింది. 8 జీబీ మోడల్ రూ. 12,499, 16 జీబీ మోడల్ రూ. 13,999. ఆ రేటుకి అలాంటి ఫోన్ అప్పటిదాకా లేదు. కానీ అది ఫ్లిప్‌కార్ట్‌లో మాత్రమే. జూలైలో షావోమీ ఎంఐ 3 వచ్చింది, రూ. 13,999. అందులో ఉన్న స్నాప్‌డ్రాగన్ 800 ప్రాసెసర్ కావాలంటే అప్పట్లో నెక్సస్ 5 లాంటి ఫోన్‌కి దాదాపు రెట్టింపు పెట్టాలి. అది కూడా ఫ్లిప్‌కార్ట్‌లోనే. ఫ్లాష్ సేల్ పెడితే సెకన్లలో స్టాక్ అయిపోయేది. డిసెంబర్‌లో వన్‌ప్లస్ వన్ వచ్చింది, రూ. 21,999. ఇది అమెజాన్‌లో, అదీ ఇన్విటేషన్ ఉంటేనే.

మేం ఆగుతామా? షాపుకెళ్లి "అన్నా, ఎంఐ 3 ఎప్పుడొస్తుంది?" అని అడిగాం.

"నాకియ్యరప్పా. నేను డబ్బులు కడతానన్నా ఇయ్యరు" అన్నాడు.

అప్పుడు నాకది అర్థం కాలేదు. డబ్బులిస్తానన్నా వస్తువు ఇవ్వకపోవడం ఏంటి? పైగా ఆన్‌లైన్‌లో కొందామంటే అప్పట్లో ఒక సైట్‌లో మా పిన్‌కోడ్ కొడితే డెలివరీ లేదని వచ్చేది. కర్నూల్లో ఉన్న మా మామ అడ్రస్ పెట్టి తెప్పించుకున్నవాళ్లు ఉన్నారు. అంటే మాయ కత్తి ఊళ్లో షాపుకి రాదు, ఇంటికీ రాదు. ఫోన్ గురించి యూట్యూబ్‌లో చూడటమే.

ఎక్స్‌క్లూజివ్ వల్ల ఎవరికి లాభం

కంపెనీ వైపు నుంచి చూస్తే ఈ లెక్క చాలా తెలివైనది. మామూలుగా ఫోన్ కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి, అక్కడి నుంచి చిన్న డిస్ట్రిబ్యూటర్‌కి, అక్కడి నుంచి షాపుకి వస్తుంది. ప్రతి మెట్టు మీద ఒకరికి మార్జిన్ ఇవ్వాలి. బోర్డులు, ప్రమోటర్లు, డమ్మీలు, అన్నీ ఖర్చే. కొత్తగా వచ్చిన బ్రాండ్‌కి దేశమంతా ఇలా షాపులు పట్టుకోవాలంటే ఏళ్లు పడుతుంది. ఒకే వెబ్‌సైట్‌తో ఒప్పందం చేసుకుంటే ఆ ఖర్చు చాలావరకు తగ్గుతుంది. అలా మిగిలిన దాంట్లో కొంత ధర తగ్గింపుగా మనకి వచ్చింది. అది నిజమైన తగ్గింపే, కాదనలేం. నా ఇంజినీరింగ్ ఫ్రెండ్స్‌లో సగం మంది మొదటి మంచి ఫోన్ అలా వచ్చిందే.

వెబ్‌సైట్ వైపు లాభం ఇంకా పెద్దది. ఫోన్ కోసం వచ్చినవాడు యాప్ దించుకుంటాడు, అడ్రస్ పెడతాడు, కార్డు సేవ్ చేస్తాడు. రేపు చెప్పులు, ఎల్లుండి మిక్సీ కూడా అక్కడే కొంటాడు. ఫోన్ వాళ్లకి ఊళ్లోకి దారి వేసే వస్తువు. 2014 అక్టోబర్ 6న మొదటి బిగ్ బిలియన్ డే నాడు సైట్ తట్టుకోలేక, స్టాక్ అయిపోయి, ఫ్లిప్‌కార్ట్ వ్యవస్థాపకులు సారీ చెప్పాల్సి వచ్చింది. అంత జనం పడ్డారు.

మరి షాపు? ఇక్కడ అన్న చెప్పిన లెక్కని ఒక ఉదాహరణగా పెడతాను. నంబర్లు అర్థం కావడం కోసం వేసినవే. ఆన్‌లైన్‌లో ఒక ఫోన్ రేటు రూ. 16,000. బ్యాంక్ కార్డు ఆఫర్ 1,500, కూపన్ 500 పోతే 14,000. అదే ఫోన్ షాపులోకి డిస్ట్రిబ్యూటర్ బిల్లు మీద 15,200కి వస్తుంది అనుకోండి. 16,000కి అమ్మితే మిగిలేది 800. అందులో షాపు అద్దె, కరెంటు, పని చేసే కుర్రోడి జీతం. 14,000కి అమ్మితే చేతి నుంచి 1,200 పోతుంది.

"నాకు బిల్లులో పడే రేటు కంటే నీ యాప్‌లో రేటు తక్కువుండాది. నేనేం చేయల్లప్పా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆయన చేసిన పని చాలా షాపులు చేసిందే. సేల్ రోజుల్లో బావమరిది పేరు మీద ఒకటి, తమ్ముడి పేరు మీద ఒకటి ఆన్‌లైన్‌లో బుక్ చేసి, వాటినే తెచ్చి షాపులో అమ్మాడు. దీంట్లో కొనేవాడికి ఒక చిక్కుంది. బిల్లు ఇంకెవరి పేరు మీదో ఉంటుంది. ఇన్‌వాయిస్ డేట్ నుంచి లెక్కేసే వారంటీ అయితే, మన చేతికి వచ్చేసరికే కొన్ని వారాలు అయిపోయి ఉంటుంది. అన్న ఆ సంగతి ముందే చెప్పి అమ్మేవాడు. అందరూ చెప్తారని గ్యారంటీ లేదు.

ఇంకో విషయం. ఆ 14,000 ధర ఎవరికి? క్రెడిట్ కార్డు ఉన్నవాడికి. మా నాన్నకి కార్డు లేదు. టమాటా అమ్మి నోట్లు తెచ్చుకునే రైతుకీ లేదు. యాప్ బ్యానర్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే రేటు వాళ్లకి ఎప్పుడూ రాలేదు. అలాంటివాళ్లకి అన్న సగం డబ్బు ఇప్పుడు, మిగతాది పంట డబ్బు వచ్చాక అని ఇచ్చేవాడు. వడ్డీ లేని ఈఎంఐ అంటే మా ఊళ్లో చాలా ఏళ్లు అదే.

షాపులు కూడా దేవుళ్లేం కాదు

ఇప్పటిదాకా చదివి షాపువాళ్లు పాపం అనుకుంటే కొంచెం ఆగండి. షాపుల వైపు కూడా యుద్ధం గట్టిగానే జరిగింది. ఆన్‌లైన్‌లోకి వెళ్లకుండా వివో, ఒప్పో చిన్న ఊళ్ల మీద పడ్డాయి. 2016, 2017 నాటికి మా ఊరి బజార్లో నీలం, ఆకుపచ్చ బోర్డులు లేని మొబైల్ షాపు కనిపించేది కాదు. షాపుకి మంచి మార్జిన్, కౌంటర్ దగ్గర కంపెనీ ప్రమోటర్, టార్గెట్ దాటితే బహుమతి. ఆ పద్ధతి పని చేసింది కూడా. ఐడీసీ లెక్కల్లో 2024 సంవత్సరానికి ఇండియాలో మొదటి స్థానం వివోదే.

ఈ పద్ధతికి ఇంకో ముఖం ఉంది. మనం ఒక ఫోన్ అడిగితే "అది హీట్ అవుతుంది బ్రో, ఇది తీసుకోండి" అంటారు. ఎందుకు? దీంట్లో మార్జిన్ ఎక్కువ కాబట్టి. నేను బీటెక్‌లో ఉన్నప్పుడు వేరే ఊళ్లో ఒక షాపుకి పోతే, అడిగిన ఫోన్ స్టాక్ లేదన్నారు. వాళ్లు చూపించింది కొనను అనేసరికి లోపల నుంచి అదే ఫోన్ బయటికి వచ్చింది. టెంపర్డ్ గ్లాస్, పౌచ్ కలిపి బిల్లులో ఏడు వందలు వేశారు. చూసుకోకపోతే పోయేవే.

అంటే రెండు వైపులా ఎవరి గోడ వాళ్లు కట్టుకున్నారు. ఒకరు వెబ్‌సైట్ చుట్టూ, ఇంకొకరు కౌంటర్ చుట్టూ. ఒక కంపెనీ పేరుతో షాపులోకి, దాని తోబుట్టువు పేరుతో ఆన్‌లైన్‌లోకి పోవడం కూడా మొదలైంది. రియల్‌మీ ఒప్పో నుంచి 2018లో బయటికి వచ్చి మొదటి ఫోన్ అమెజాన్‌లో అమ్మింది. షావోమీకి పోకో, వివోకి ఐకూ ఇలా పుట్టినవే. ఒకేలాంటి హార్డ్‌వేర్, కొద్దిగా మార్చిన డిజైన్, వేరే పేరు, వేరే రేటు. స్పెసిఫికేషన్స్ పక్కపక్కన పెట్టి చూసే మనకి ఇది బాగా తెలుసు.

4,500 షాపులు ఒక బ్రాండ్‌కి నో చెప్పిన రోజు

2024 ఏప్రిల్‌లో ఈ గొడవ బహిరంగంగా పేలింది. సౌత్ ఇండియన్ ఆర్గనైజ్డ్ రిటైలర్స్ అసోసియేషన్, అంటే ఓఆర్ఏ, వన్‌ప్లస్‌కి లేఖ రాసింది. మే 1 నుంచి మీ ఫోన్లు, వాచీలు ఏవీ అమ్మం అని. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్‌లలో 23 రిటైల్ చెయిన్లు, దాదాపు 4,500 స్టోర్లు. పూర్వికా, సంగీత, బిగ్ సి లాంటి మనకి తెలిసిన పేర్లు అందులో ఉన్నాయి.

వాళ్ల ఫిర్యాదులు మూడు. మార్జిన్ చాలా తక్కువ. వారంటీ క్లెయిమ్‌లు త్వరగా తేలడం లేదు, దాంతో కస్టమర్ షాపు మీదే అరుస్తున్నాడు. ఫోన్ కావాలంటే అమ్ముడుపోని వేరే వస్తువులు కూడా కొనమని బలవంతం చేస్తున్నారు. చాలా సార్లు చెప్పినా పరిష్కారం రాలేదన్నారు.

వన్‌ప్లస్ కథ గుర్తుందిగా, ఇన్విటేషన్ మీద ఆన్‌లైన్‌లో మొదలైన బ్రాండ్. పదేళ్ల తర్వాత దానికీ షాపులు కావాల్సి వచ్చాయి. ఎందుకంటే ఇండియాలో స్మార్ట్‌ఫోన్ అమ్మకాల్లో దాదాపు సగం ఇప్పటికీ షాపుల్లోనే జరుగుతున్నాయి. ఇరవై, ముప్పై వేలు పెట్టేవాడు ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలనుకుంటాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో వన్‌ప్లస్ ప్రాజెక్ట్ స్టార్‌లైట్ పేరుతో మూడేళ్లలో ఇండియాలో రూ. 6,000 కోట్లు పెడతామని ప్రకటించింది. అందులో చెప్పినవాటిలో కస్టమర్ సర్వీస్ కూడా ఒకటి.

విడివిడిగా గెలవలేనివాళ్లు ఒకటవడం మా వైపు కొత్త కాదు. పక్కనే ఎమ్మిగనూరులో 1938లోనే మాచాని సోమప్ప నేతగాళ్లని కలిపి సహకార సంఘం పెట్టారు. కానీ ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఓఆర్ఏలో ఉన్నవి పెద్ద చెయిన్లు. మా అన్న షాపు అందులో లేదు. ఆయన సంతకం చేసిన లేఖ ఏ కంపెనీ ఆఫీసుకీ పోలేదు. ఆ వారం నేను ఫోన్ చేసి అడిగితే, "పెద్దోళ్లు పెద్దోళ్లు మాట్లాడుకుంటారులేప్పా, నాకు వచ్చేది రెండు పీసులు" అని నవ్వాడు.

రూల్ పుస్తకంలో ఏముంది

గేమ్‌లో గొడవ ముదిరితే రాజుగారి దగ్గరికి పోతుంది. ఇక్కడ కూడా అంతే.

విదేశీ పెట్టుబడి ఉన్న ఈ కామర్స్ కంపెనీ మన దేశంలో మార్కెట్‌ప్లేస్‌గా మాత్రమే ఉండాలి. అంటే అమ్మేవాడికీ, కొనేవాడికీ మధ్య వేదిక. సొంతంగా సరుకు పెట్టుకుని మనకి నేరుగా అమ్మకూడదు. 2018 డిసెంబర్ 26న కేంద్రం ప్రెస్ నోట్ 2 ఇచ్చింది, 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు. అందులో ఒక ముఖ్యమైన మాట, ఏ వస్తువునీ మా వేదిక మీదే అమ్మాలి అని అమ్మేవాడిని బలవంతం చేయకూడదు. తమకి వాటా ఉన్న కంపెనీల సరుకు తమ వేదిక మీద అమ్మకూడదని కూడా ఉంది. మాట గట్టిదే. కానీ ఫోన్ కంపెనీయే "మా ఇష్టంతోనే ఇక్కడ అమ్ముతున్నాం" అంటే? ఆ సందులోంచే ఎక్స్‌క్లూజివ్ లాంచ్‌లు నడిచాయి. కొన్నాళ్లకి పేరు మారి స్పెషల్ అయింది.

2020 జనవరిలో ఢిల్లీ వ్యాపార్ మహాసంఘ్ ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్, అంటే సీసీఐ, అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ మీద దర్యాప్తుకి ఆదేశించింది. మొబైల్ ఫోన్ల ఎక్స్‌క్లూజివ్ లాంచ్‌లు, కొంతమంది అమ్మకందారులకే పెద్దపీట, భారీ డిస్కౌంట్లు, ఇవీ ఆరోపణలు. వచ్చే నెలలోనే కర్ణాటక హైకోర్టు స్టే ఇచ్చింది. 2021లో హైకోర్టు కంపెనీల పిటిషన్లు కొట్టేసింది, ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా దర్యాప్తు ఆపడానికి ఒప్పుకోలేదు.

2024 ఆగస్టులో దర్యాప్తు నివేదికలు తయారయ్యాయి. అమెజాన్ మీద 1,027 పేజీలు, ఫ్లిప్‌కార్ట్ మీద 1,696 పేజీలు. రెండూ కొంతమంది అమ్మకందారులకి మేలు చేశాయని, శాంసంగ్, షావోమీ లాంటి ఫోన్ కంపెనీలు వాటితో కలిసి ఎక్స్‌క్లూజివ్‌గా ఫోన్లు లాంచ్ చేశాయని ఆ నివేదికల్లో ఉన్నట్టు రాయిటర్స్ సెప్టెంబర్‌లో బయటపెట్టింది. అదే నెలలో మొబైల్ షాపుల సంఘం ఏఐఎంఆర్ఏ వన్‌ప్లస్, ఐకూ, పోకో అమ్మకాలు ఆపించమని సీసీఐని కోరింది. అయితే ఒకటి గుర్తుంచుకోండి, అవి దర్యాప్తు విభాగం నివేదికలు. తుది ఉత్తర్వు వేరు. తప్పేం చేయలేదని అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ మొదటి నుంచీ చెబుతున్నాయి. అమ్మకందారులు, ఫోన్ కంపెనీలు వేర్వేరు హైకోర్టులకి వెళ్లాక, ఆ కేసులన్నీ కర్ణాటక హైకోర్టుకి చేరాయి.

టైమ్ లెక్క చూడండి. ఫిర్యాదు మీద దర్యాప్తు ఆదేశం 2020లో. నివేదిక 2024లో. ఈలోపు స్నాప్‌డ్రాగన్‌లో ఎన్ని తరాలు మారాయో మీరే లెక్కపెట్టుకోండి. అంతకాలం చిన్న షాపు ఆగగలదా?

మన్రో దొర, జొన్నగిరి వజ్రం

"మా దగ్గర మాత్రమే" అన్న మాట స్టార్టప్‌లు కనిపెట్టింది కాదు. 1600లో ఇంగ్లండ్ రాణి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన చార్టర్‌లో ఉన్నది అదే. తూర్పు దేశాలతో వ్యాపారం మీరు మాత్రమే చేయండి అని. రెండు వందల ఏళ్లకు పైగా మిగతా బ్రిటిష్ వ్యాపారులు దాని మీద గొడవపడితే, చివరికి 1813 చట్టంతో టీ, చైనా వ్యాపారం తప్ప ఇండియా వ్యాపారం మిగతావాళ్లకీ తెరిచారు. ఆ చట్టం ముందు పార్లమెంట్ విచారణలో సాక్ష్యం చెప్పినవాళ్లలో థామస్ మన్రో ఒకడు. మన రాయలసీమకి కలెక్టర్‌గా చేసిన మన్రోనే. 1827 జూలై 6న ఆయన కలరాతో చనిపోయింది మా పత్తికొండలో. స్కూల్లో ఆయన పేరు రైత్వారీతో పాటు బట్టీ పట్టాం కానీ, ఎక్స్‌క్లూజివ్ డీల్ మీద విచారణకి వెళ్లినాయన అని మాకెవరూ చెప్పలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మా ఊరి వాన చాలు. తొలకరి పడితే తుగ్గలి, మద్దికెర మండలాల్లో జనం పొలాల్లోకి దిగుతారు. జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి చుట్టుపక్కల ఎర్ర నేలల్లో వజ్రాలు వెతుకుతారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చెట్ల కింద వంట చేసుకుని మరీ వెతుకుతారు. దొరికితే ఏమవుతుంది? రాయి ఎంత మంచిదైనా, కొనడానికి వచ్చిన వ్యాపారి ఒక్కడే అయితే వాడు చెప్పిందే రేటు. ఇద్దరు ముగ్గురు పోటీ పడితే రేటు ఎక్కుతుంది. వాళ్లంతా లోపల్లోపల ఒకటైతే మళ్లీ మొదటికే. కూలీకి వచ్చే డబ్బుని రాయి బరువుతో పాటు ఎదురుగా నిలబడిన వ్యాపారుల సంఖ్య కూడా నిర్ణయిస్తుంది.

మన ఫోన్ కథ దీనికి తిరగేసి. అక్కడ కొనేవాడు ఒక్కడే అయితే అమ్మేవాడికి నష్టం. ఇక్కడ అమ్మేవాడు ఒక్కడే అయితే కొనేవాడికి నష్టం. ఈ రోజు ఆ ఒక్కడు రేటు తగ్గించి ఇస్తున్నాడు కాబట్టి నష్టం కనిపించదు. పక్కన ఇంకొకడు లేనప్పుడు రేపు రేటు పెంచితే మనం చేయగలిగేది ఏమీ ఉండదు. ఒకే ఫోన్ యాప్‌లోనూ, బజార్లోనూ దొరికితే అది పోటీ. ఆ ఫోన్ ఒకచోటే దొరికితే, ఎంత తక్కువకి దొరికినా, అక్కడ పోటీ ఆగిపోయినట్టే. నేను ఈ ఆర్టికల్‌లో చెప్పాలనుకున్నది ఈ ఒక్క ముక్కే.

నేను చేసిన పని

నిజం ఒకటి ఒప్పుకోవాలి. జాబ్ వచ్చిన మొదటి సంవత్సరం పండక్కి ఊరెళ్లాను. కొత్త ఫోన్ చూపించమని అన్నని అడిగాను. ఆయన సీల్ లేని డెమో పీస్ తీసి, అరగంట కూర్చోబెట్టి, కెమెరా, స్పీకర్ అన్నీ చూపించాడు. టీ తెప్పించాడు. నేను అక్కడే కూర్చుని యాప్‌లో రేటు చూశాను. రెండు వేలు తక్కువ. "ఆలోచించుకుని వస్తానన్నా" అని బయటికొచ్చి, బస్టాండ్ దాకా కూడా ఆగకుండా ఆర్డర్ పెట్టేశాను.

ఏడాదిన్నర తర్వాత ఒక అప్‌డేట్ పడ్డాక ఆ ఫోన్ స్క్రీన్ మీద నిలువునా ఆకుపచ్చ గీత వచ్చింది. నేను అప్పుడు ఊళ్లోనే వర్క్ ఫ్రమ్ హోమ్. సర్వీస్ సెంటర్‌కి వెళ్లాలంటే బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోవాలి. వెళ్తే వారంటీ అయిపోయిందన్నారు. డిస్‌ప్లేకి చెప్పిన రేటుకి ఇంకో కొత్త ఫోన్ వచ్చేస్తుంది. కస్టమర్ కేర్‌లో చాట్ బాట్ నాకు సారీ చెప్పింది, పదకొండు సార్లు.

చివరికి అన్న దగ్గరికే పోయాను. సిగ్గుగానే ఉండింది. ఆయన ఫోన్ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నా దగ్గర కొన్నిది కాదే" అన్నాడు. అంతే, ఇంకో మాట అనలేదు. తనకి తెలిసిన డిస్ట్రిబ్యూటర్‌కి ఫోన్ కొట్టాడు. ఆ మోడల్‌కి ఒకసారి ఉచితంగా డిస్‌ప్లే మార్చే స్కీమ్ ఒకటి నడుస్తోందని, దాని పేరు చెప్పి అడగమని చెప్పాడు. మళ్లీ వెళ్లి ఆ పేరు చెప్తే పని అయింది. నేను బీటెక్ చదివి, రోజంతా నెట్‌లో ఉండేవాణ్ని. ఆ సంగతి మాత్రం కౌంటర్ వెనక కూర్చున్న ఆయనకి తెలిసింది.

ఈ సంక్రాంతికి అమ్మకి ఫోన్ అన్న దగ్గరే తీసుకున్నాను. యాప్‌లో రేటు చూపించి మొహమాటం లేకుండా బేరం ఆడాను. ఆయన ఎనిమిది వందలు తగ్గించాడు. ఇంకా మూడు వందలు తేడా ఉండింది. ఆ మూడు వందలకి పాత ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు, వాట్సాప్ అన్నీ మార్చి, అమ్మకి అక్షరాలు పెద్దవి చేసి, తెలుగు కీబోర్డు పెట్టి ఇచ్చాడు. తర్వాత నెల్లో అమ్మ రెండుసార్లు వెళ్లి ఏదో నొక్కేశానని సరి చేయించుకుంది. నేను ఊళ్లో లేను కదా.

ఈ సారి ఫోన్ కొనే ముందు

ఎవరి వైపు ఉండాలో నేను చెప్పను. నేనే రెండు వైపులా కొంటాను. కానీ ఈ ఐదు మాత్రం చేయండి.

1. బ్యానర్ రేటు వదిలేసి మీకు నిజంగా పడే రేటు చూడండి. కార్డు, కూపన్, ఎక్స్‌ఛేంజ్ తీసేశాక మీ చేతి నుంచి ఎంత పోతుందో అదే ధర.

2. ఆ రేటుతో షాపులో బేరం ఆడండి. చాలా షాపులు కొంతైనా తగ్గిస్తాయి. ముందు అడగకుండా "షాపులో ఎక్కువ" అనుకోవద్దు.

3. షాపులో కొంటే మీ పేరు మీద జీఎస్టీ బిల్లు, దాని మీద ఐఎంఈఐ నంబర్ ఉండాలి. సీల్ మీ ఎదుటే తీయించండి. బిల్లు వేరేవాళ్ల పేరు మీద ఉంటే వారంటీ డేట్ ఎంతో అడగండి.

4. మీ ఊరికి దగ్గర్లో ఆ బ్రాండ్ సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కొనే ముందే మ్యాప్‌లో చూడండి. చిన్న ఊళ్లో ఉండేవాళ్లకి ఇది ప్రాసెసర్ కంటే ముఖ్యం.

5. ఒకేచోట మాత్రమే దొరికే ఫోన్ నచ్చితే, అదే స్పెసిఫికేషన్స్‌తో రెండుచోట్లా దొరికే ఇంకో ఫోన్ ఉందేమో వెతకండి. వెయ్యి రూపాయల లోపు తేడా అయితే నేను రెండోదే తీసుకుంటాను.

చివరిగా, అన్న షాపు ఇప్పుడెలా ఉందని అడుగుతారేమో. గ్లాస్ అద్దం వెనక ఫోన్లు తగ్గాయి. ఆ జాగాలో పౌచ్‌లు, ఇయర్‌బడ్స్, ఛార్జర్లు వచ్చాయి. ఒక మూల రిపేర్ టేబుల్, దాని మీద మైక్రోస్కోప్. మొన్న వెళ్లినప్పుడు ఇద్దరు కుర్రోళ్లు ఆన్‌లైన్‌లో వచ్చిన కొత్త బాక్స్ తెచ్చి, టెంపర్డ్ గ్లాస్ వేయమన్నారు. అన్న ఆ ఫోన్ చేతిలోకి తీసుకుని, బరువు చూసి, వెనక్కి తిప్పి, కెమెరా ఆన్ చేసి నన్ను ఫొటో తీశాడు.

"బాగుండాదప్పా ఇది" అన్నాడు. "నాకిస్తే నేనూ అమ్ముదును."